ముందు మిల్లీమోల్స్ రాసుకో తల్లీ

బంగారం, నిన్న రాత్రి వాట్సాప్‌లో పంపిన ఫొటో చూశాను. 200 ఎంఎల్ 0.5 మోలార్ హెచ్‌సీఎల్‌లో, అంటే హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో, 300 ఎంఎల్ 0.2 మోలార్ హెచ్‌సీఎల్ కలిపితే మొలారిటీ ఎంత అన్న లెక్క, నువ్వు 0.5, 0.2 కూడి రెండుతో భాగించి 0.35 అని వేసి కింద రెండు గీతలు కూడా కొట్టావు. ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పాను కదా, ఈ తప్పు ఎన్ని పేపర్లలో దిద్దానో నాకే తెలీదు, అందుకే ఫోన్లో చెప్పకుండా కూర్చుని రాస్తున్నా.

మొలారిటీ అంటే చిక్కదనం తల్లీ, లీటర్ సొల్యూషన్‌లో ఎన్ని మోల్స్ సరుకుందన్నది, దాన్ని కూడలేం, కూడగలిగేది లోపలున్న సరుకుని మాత్రమే. పెద్ద గిన్నెలో చప్పటి చారు, చిన్న గిన్నెలో ఉప్పెక్కువైన చారు ఉంటే రెండూ కలిపాక రుచి పెద్ద గిన్నె వైపే మొగ్గుతుంది కదా, ఇదీ అంతే. ఎంఎల్‌ని మొలారిటీతో గుణిస్తే మిల్లీమోల్స్, అంటే మోల్‌లో వెయ్యో వంతులు, వస్తాయి, మొదటి దాంట్లో 100, రెండో దాంట్లో 60, మొత్తం 160, దాన్ని 500 ఎంఎల్‌తో భాగిస్తే 0.32. పెన్ను పెట్టకముందే ఆన్సర్ 0.2కీ 0.5కీ మధ్యలో, అదీ 0.35 కన్నా కిందే ఉండాలని తెలిసిపోవాలి, ఎందుకంటే పల్చటిదే ఎక్కువుంది.

యాసిడ్, బేస్ కలిస్తే మాత్రం కూడటం కాదు, ఒకదాన్నొకటి తినేస్తాయి. 100 ఎంఎల్ 0.3 మోలార్ హెచ్‌సీఎల్, 100 ఎంఎల్ 0.1 మోలార్ బేరియం హైడ్రాక్సైడ్ తీసుకో, యాసిడ్ నుంచి హైడ్రోజన్ అయాన్లు 30 మిల్లీమోల్స్, బేరియం హైడ్రాక్సైడ్‌లో ఒక్కో దానికి రెండు హైడ్రాక్సైడ్లు కాబట్టి 10 కాదు 20. మిగిలేది 10, వాల్యూమ్ 200, అంటే 0.05 మోలార్ యాసిడ్. ఆ రెండుని మర్చిపోయావా, లెక్క మొత్తం పోయినట్టే. యాసిడ్ ఘాటు చెప్పే అంకెలు, ఆ పీహెచ్‌లని కూడా ఎవరేజ్ చెయ్యకు, పీహెచ్ 2 ఉన్న హెచ్‌సీఎల్, పీహెచ్ 4 ఉన్న హెచ్‌సీఎల్ సమానంగా కలిపితే 3 రాదు, దాదాపు 2.3 వస్తుంది.

ఇంకోటి, నేను డిగ్రీలో ఉన్నప్పుడు ల్యాబ్‌లో చేసిన తప్పు ఇది. 50 ఎంఎల్ 1 మోలార్ సొల్యూషన్‌ని 250కి మేకప్ చెయ్యమన్నారు, అంటే నీళ్లు చేర్చి మొత్తం 250 ఎంఎల్ చెయ్యమని, నేను మెజరింగ్ జార్‌తో 250 ఎంఎల్ నీళ్లు కొలిచి అందులో పోసేశాను. రావాల్సింది 0.2, నా దగ్గరున్నది 300 ఎంఎల్‌లో 50 మిల్లీమోల్స్, అంటే సుమారు 0.167, ఇక టైట్రేషన్‌లో, అంటే బ్యూరెట్ అనే గీతల గొట్టంలోంచి కొంచెం కొంచెంగా వదిలి కొలిచేటప్పుడు, రీడింగ్ ఒక్కటీ కుదర్లేదు, సాయంత్రం దాకా ఏడుస్తూ బ్యూరెట్ నింపుతూనే ఉన్నా. స్టాండర్డ్ ఫ్లాస్క్ మెడ మీద గీత ఉండేది అందుకే, ముందు సొల్యూషన్ పోసి, తర్వాత గీత దాకా నీళ్లు, చివర్లో చుక్కచుక్కగా, కన్ను గీతకి సరిగ్గా ఎదురుగా పెట్టి. క్వశ్చన్‌లో "250 ఎంఎల్ నీళ్లు కలిపారు" అని ఉందా, "250 ఎంఎల్‌కి డైల్యూట్ చేశారు" అని ఉందా, ఆ ముక్క కింద గీత గీసుకుని మరీ చదువు.

వాల్యూమ్‌లు కూడుకోవచ్చు అనేది కూడా పల్చటి నీటి సొల్యూషన్లకే, ఆల్కహాల్ 50, నీళ్లు 50 కలిపితే 100కి మూడు నాలుగు ఎంఎల్ తక్కువే వస్తుంది, మీ లెక్కల్లో దీంతో పని పడదులే.

ఆ పేజీలోనే నాలుగో లెక్క సోడియం క్లోరైడ్, కాల్షియం క్లోరైడ్ కలిపింది, క్లోరైడ్ ఎంతో అడిగాడు. మిల్లీమోల్స్ మార్జిన్‌లో రాసుకుని చేసి, రేపు పొద్దున కాలేజీకి వెళ్లేలోపు ఫొటో పెట్టు.

మీ పెద్దమ్మ