కరెంటు బిల్లు తగ్గాలంటే ముందు కంప్రెసర్ సంగతి చూడండి

ప్లాస్టిక్ మౌల్డింగ్ యూనిట్ నడుపుతున్నాం, కరెంటు బిల్లు మోయలేకపోతున్నాం, సోలార్ పెట్టాలా, పాత మోటార్లు మార్చాలా అని అడిగారు. ఆ రెండూ తర్వాత చూద్దురు గానీ, ముందు ఒక ఆదివారం, మెషిన్లన్నీ ఆగి ఉన్నప్పుడు ఫ్యాక్టరీకి వెళ్లండి.

జీడిమెట్లలో ఒక మౌల్డింగ్ యూనిట్‌లో మెయింటెనెన్స్ చూసేవాణ్ని. మా ఓనరుగారు ముందు లైట్లన్నీ ఎల్‌ఈడీకి మార్పించారు. బిల్లులో పెద్ద తేడా ఏం రాలేదు. మా లోడులో లైట్ల వాటా ఎంతని!

తర్వాత ఒక ఆదివారం మెషిన్లకు గాలిని ప్రెషర్‌తో పంపే 50 హెచ్‌పీ స్క్రూ కంప్రెసర్ ఒక్కటే ఆన్ చేసి, గడియారం పట్టుకుని కూర్చున్నాం. గాలి వాడేవాళ్లే లేరు కదా, ప్రెషర్ ఒకసారి నిండితే మళ్లీ లోడ్ తీసుకోకూడదు, అంటే గాలి నింపకూడదు. మాది 2 నిమిషాలు లోడ్, 4 నిమిషాలు అన్‌లోడ్ (గాలి నింపకుండా మోటారు ఊరికే తిరగడం), మళ్లీ లోడ్. అంటే ఆరు నిమిషాల్లో రెండు, కంప్రెసర్ ఇచ్చే గాలిలో మూడో వంతు లీకులకే పోతోంది. అన్‌లోడ్‌లో ఉంటే కరెంటు కాలదనుకుంటారు చాలామంది. అప్పుడు కూడా ఫుల్ లోడ్‌లో పావు వంతుకు తక్కువ కాకుండా లాగుతుంది.

మెషిన్ల చప్పుడు లేదు కాబట్టి బుస్సుమనే శబ్దం చెవికే తెలిసింది. అనుమానం ఉన్నచోట సబ్బు నీళ్లు పూశాం. ఎక్కువ లీకులు మెయిన్ పైపులో కాదు, మెషిన్ పక్కన గొట్టాలు కలిపే హోస్ కప్లర్ల దగ్గర, లైన్లో చేరిన నీళ్లు వదిలే డ్రెయిన్ వాల్వులు సగం తెరిచి వదిలేసిన చోట. ఖర్చంతా కప్లర్లు, క్లాంపులు, టెఫ్లాన్ టేపు.

ఇంకో దుబారా లీకుల్లో కనపడదు. ఎండాకాలం మా ఆపరేటర్లు ఎయిర్ గన్‌తో ఒంటికి గాలి కొట్టుకునేవాళ్లు. తిట్టి లాభం లేదు, ఆ ఉక్కలో నేనైనా అదే చేస్తాను. నాలుగు పెడస్టల్ ఫ్యాన్లు పెట్టించాం, అలవాటు పోయింది. పైగా ఆ గాలి కంట్లోకో చెవిలోకో కొడితే ప్రమాదం.

ఆ తర్వాతే ప్రెషర్ ముట్టుకోండి. 7.5 బార్ నుంచి 6.5కి కొంచెం కొంచెంగా దించాం. ఒక్క బార్ తగ్గితే కంప్రెసర్ కరెంటు సుమారు 6-7 శాతం తగ్గుతుంది. చివరి మెషిన్‌లో గాలితో కదిలే సిలిండర్ నెమ్మదించింది. ప్రెషర్ మళ్లీ పెంచేద్దామనుకున్నాం గానీ, చూస్తే దానికి వెళ్లే హోస్ సన్నది. అది మార్చాక సరిపోయింది.

మీది హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్ అయితే ఇంకొకటి. సోమవారం పొద్దున అన్ని మెషిన్లలో ప్లాస్టిక్ కరిగించే బ్యారెల్ హీటర్లూ ఒకేసారి వేయకండి, ఎండీ (మాగ్జిమమ్ డిమాండ్, అంటే నెలలో లాగిన అత్యధిక లోడు; బిల్లులో దానికీ ఛార్జీ ఉంటుంది) పైకి పోతుంది. రెండేసి మెషిన్లు చొప్పున వేయించండి. బ్యారెళ్లకు ఇన్సులేషన్ జాకెట్లు కూడా తొడిగించండి. ఇవన్నీ అయ్యాక ఎంత లోడు మిగిలిందో చూసి సోలార్ వాళ్లను పిలవండి.