రెవిట్ కోర్సులో చేరేముందు

చి. లావణ్యకు,

పెదనాన్న ఆశీస్సులు. బీటెక్ అవ్వగానే బిమ్‌లోకి (భవనాన్ని కట్టకముందే వివరాలతో సహా కంప్యూటర్లో 3డీ మోడల్‌గా తయారుచేసే పని) వెళ్దామనుకుంటున్నానని, అమీర్‌పేటలో ఆ పనికి వాడే రెవిట్ సాఫ్ట్‌వేర్ కోర్సుకు ఫీజు కట్టనా అని రాశావు. ఇప్పుడే కట్టకమ్మా, ఈ సెమిస్టర్ అయ్యేదాకా ఆగు.

రెవిట్‌లో గోడ నిలబెట్టడం ఒక పూటలో వచ్చేస్తుంది. టైం పట్టేది డ్రాయింగ్ చదవడానికి. ఆర్కిటెక్చరల్, స్ట్రక్చరల్, ఎంఈపీ (ఏసీ, కరెంటు, ప్లంబింగ్) షీట్లు మూడూ ముందేసుకుని, ఒకే గదిని మూడింటిలోనూ వెతుకు. ప్లాన్‌లో గీత చూడగానే సెక్షన్‌లో (నిలువుకోత బొమ్మలో) అది ఎక్కడుంటుందో కళ్లకు కట్టాలి.

ఒక ఆఫీసు కారిడార్ తీసుకో. స్లాబ్ నుంచి స్లాబ్‌కి 3300 మి.మీ. స్లాబ్‌తో కలిపి బీమ్ లోతు 600. కింద మిగిలింది 2700. ఫాల్స్ సీలింగ్ 2400లో కావాలంటాడు ఆర్కిటెక్ట్. అంటే చేతిలో ఉన్నది 300. ఏసీ డక్ట్ ఎత్తు 250, పైనా కిందా 25 చొప్పున ఇన్సులేషన్, అక్కడికే సరి! మరి పై అంతస్తు టాయిలెట్ నుంచి వచ్చే నాలుగంగుళాల డ్రైనేజీ పైపో? దానికి 100కి 1 వాలు ఇస్తే, పది మీటర్లు పోయేసరికి 100 మి.మీ. కిందికి దిగుతుంది. అందరి మోడళ్లూ కలిపి చూసే నావిస్‌వర్క్స్ సాఫ్ట్‌వేర్ ఇక్కడ క్లాష్ (ఒకదానికొకటి అడ్డు రావడం) ఉందని చూపిస్తుంది గానీ ఏది పక్కకు జరగాలో చెప్పదు. మామూలుగా వాలు మీద పోయే పైపును కదపం. ప్రెషర్ మీద వచ్చే నీళ్ల పైపును వంచుకోవచ్చు, డక్ట్‌ను వెడల్పు చేసి ఎత్తు తగ్గించుకోవచ్చు. ఇంటర్వ్యూల్లో నేనడిగేవి ఇలాంటివే. చాలామంది సర్టిఫికెట్లు చూపించి ఇక్కడే తడబడతారు.

అందుకే సైటుకు వెళ్లు. సెంట్రింగ్ కొట్టేటప్పుడు, స్లాబ్ పోసేముందు కరెంటు పైపులు పరిచేటప్పుడు దగ్గరుండి చూడు. మేస్త్రీని అడగడానికి మొహమాటపడకు.

రెవిట్ విండోస్‌లోనే నడుస్తుంది, మ్యాక్ కొనకు. నేర్చుకోవడానికి 16 జీబీ ర్యామ్ చాలు. ఖరీదైన గేమింగ్ ల్యాప్‌టాప్ కావాలని మీ నాన్నను పీడించకు. కాలేజీలో ఉండగానే, రెవిట్ తయారుచేసే ఆటోడెస్క్ కంపెనీ స్టూడెంట్ లైసెన్స్ ఉచితంగా తీసుకో. కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన ఫైలు పాత వెర్షన్‌లో తెరుచుకోదు. ఎవరితో కలిసి పనిచేసినా ముందు వాళ్లది ఏ వెర్షనో కనుక్కో.

హైదరాబాద్ ఆఫీసుల్లో అమెరికా, బ్రిటన్ ప్రాజెక్టులు చాలానే ఉంటాయి. అడుగులు, అంగుళాల లెక్కా రావాలి, మిల్లీమీటర్లూ రావాలి. బిమ్ పనిలో సమాచారం ఎలా నడపాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం, 2018లో వచ్చిన ఐఎస్ఓ 19650 మొదటి రెండు భాగాల్లో ఏముందో స్థూలంగా తెలుసుకో: సమాచారం ఎవరు ఇవ్వాలి, ఎవరు ఆమోదించాలి లాంటివి. బట్టీ అక్కర్లేదు. ఇంగ్లిష్‌లో ఆర్‌ఎఫ్‌ఐ (డ్రాయింగుల్లో సందేహం వస్తే వివరణ అడుగుతూ పంపే లేఖ) రాయడం మాత్రం ప్రాక్టీస్ చెయ్యి. ఏ అంతస్తు, ఏ గ్రిడ్, ఏ రెండు డ్రాయింగ్‌లకు పొంతన లేదు, నువ్వేం చేద్దామంటున్నావు, ఇవన్నీ నాలుగు లైన్లలో రావాలి.

మీ కాలేజీలో కొత్త బ్లాకు కడుతున్నారన్నావుగా. సైట్ ఇంజినీరును అడిగి ఒక ఫ్లోర్ డ్రాయింగులు జిరాక్స్ తీయించుకో. అర్థంకానివి టిక్కు పెట్టుకుని ఆదివారం సాయంత్రం ఫోన్ చెయ్యి. మధ్యాహ్నం మాత్రం వద్దు, పడుకుంటాను.

మీ పెదనాన్న