నీట్ ర్యాంక్ రాలేదు, ఫిజియో చేస్తానంటోంది, చేర్పించాలా?

ఖమ్మం నుంచి ఒక నాన్నగారి ప్రశ్న: మా అమ్మాయి బైపీసీ, నీట్‌లో సీటొచ్చే ర్యాంక్ రాలేదు. బైక్ యాక్సిడెంట్‌లో మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిని వాళ్ళ మేనమామకి వేళ్ళు పట్టు తప్పాయి. ఆపరేషన్ లేకుండా మెడ మీద కరెంట్ ఇచ్చి చేతులు పనిచేయిస్తున్న వీడియో ఒకటి చూసి, నేను ఫిజియో చేసి అదే పని చేస్తానంటోంది. లాంగ్ టర్మ్ వేయించాలా, దీనిలో చేర్చాలా?

సార్, ముందు ఆ వీడియో సంగతి, ఎందుకంటే కోర్సు ఏదో దాన్నిబట్టే తేలుతుంది. అది అబద్ధం కాదు, ఆర్క్ ఈఎక్స్ అనే మెషీన్, నెదర్లాండ్స్ కంపెనీది. 2024లో నేచర్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో దాని ట్రయల్ వచ్చింది, 60 మంది మీద, అందరికీ దెబ్బ తగిలి కనీసం ఏడాది దాటింది, ఒకాయనకైతే 34 ఏళ్ళు. వాళ్ళలో 72 శాతం మందికి చేతి బలమూ పెరిగింది, చేసే పనీ మెరుగైంది. అదే ఏడాది డిసెంబర్‌లో అమెరికాలో మందులకీ మెషీన్లకీ అనుమతిచ్చే ఎఫ్‌డీఏ ఓకే చెప్పింది, అదీ వెన్నుపాము పూర్తిగా తెగిపోకుండా ఎంతోకొంత కనెక్షన్ మిగిలినవాళ్ళకే.

ఇప్పుడు అసలు పాయింట్. ఆ కరెంట్ వేళ్ళని కదిలించదండీ. మెదడు నుంచి వచ్చే సిగ్నల్ దెబ్బ తగిలిన చోట దాటేసరికి బలహీనమైపోతుంది, లో వోల్టేజ్‌లో బోరు మోటార్ ఎత్తుకోదు చూశారా అలాగన్నమాట. మెడ మీద ఇచ్చే స్టిమ్యులేషన్ లోపలి నరాలని కాస్త రెడీగా ఉంచుతుంది, అంతే, కదిలించాల్సింది పేషెంటే. అందుకే ట్రయల్‌లో మొదటి 2 నెలలు వట్టి థెరపీ, తర్వాత 2 నెలలు థెరపీతో పాటు స్టిమ్యులేషన్. అంటే గ్లాసు పట్టుకోవడం, బొత్తాం పెట్టుకోవడం, తాళం తిప్పడం ఇలాంటివి గంటలు గంటలు పక్కన కూర్చుని చేయించే మనిషి ఉండాలి, వీడియోలో ఆ మనిషిని ఎవరూ చూడరు.

ఆ మనిషి చాలాసార్లు ఆక్యుపేషనల్ థెరపిస్ట్ (ఓటీ), అంటే రోజువారీ పనులు మళ్ళీ సొంతంగా చేసుకునేలా నేర్పేవాళ్ళు. మన దగ్గర ఫిజియో అంటే అందరికీ తెలుసు, ఓటీ అంటే ఆపరేషన్ థియేటరా అంటారు! ఫిజియో తప్పని కాదు, నడక, బలం, బ్యాలెన్స్ వాళ్ళ పని, కానీ మీ అమ్మాయి మనసు చేతుల మీద ఉంటే నేనైతే బీఓటీ, అంటే ఆక్యుపేషనల్ థెరపీ డిగ్రీ చూడమంటాను. మన రెండు రాష్ట్రాల్లో బీపీటీ, అంటే ఫిజియో డిగ్రీ సులువుగా దొరుకుతుంది, నిమ్స్‌లో ఉంది, తిరుపతి స్విమ్స్‌లో ఉంది, బీఓటీకి మాత్రం చాలావరకు బయటికెళ్ళాల్సి వస్తుంది. వెల్లూరు సీఎంసీ, లేదా సెంట్రల్ గవర్నమెంట్‌వి కటక్ దగ్గర స్వామి వివేకానంద ఇన్‌స్టిట్యూట్, కోల్‌కతాలో లోకోమోటర్ డిజేబిలిటీస్ ఇన్‌స్టిట్యూట్. వెల్లూరులో రిహాబ్ విభాగాన్ని పెట్టిన డాక్టర్ మేరీ వర్గీస్ స్వయంగా 1954లో యాక్సిడెంట్‌లో నడుము కింద చచ్చుబడి వీల్‌చైర్‌లోంచే సర్జరీలు చేసిన ఆవిడ, అమ్మాయికి చెప్పండి. ఫిజియో, ఓటీ లాంటి కోర్సులకి 2021 చట్టంతో కొత్త కమిషన్ వచ్చాక అడ్మిషన్ రూల్స్ మారుతున్నాయి, చేరే ఏడాది నోటిఫికేషన్ చూసుకోండి, నీట్ స్కోర్‌కార్డ్ పారేయకండి.

జీతం గురించి దాచను, చిన్న హాస్పిటల్‌లో మొదటి జీతం చూస్తే దీనికోసమా ఇన్నేళ్ళు చదివించాం అనిపిస్తుంది. మాస్టర్స్ చేసి న్యూరో రిహాబ్, అంటే మెదడు, నరాలు దెబ్బతిన్నవాళ్ళ థెరపీ వైపు వెళ్తే పరిస్థితి వేరు. అమెరికా ఆలోచనుంటే బ్యాచిలర్స్ ఒక్కటే సరిపోదు, అక్కడ ఓటీకి మాస్టర్స్ స్థాయి చదువు, ఎన్‌బీసీఓటీ అనే అక్కడి సర్టిఫికేషన్ ఎగ్జామ్ ఉండాలి, కాబట్టి చేరేముందే కాలేజీకి డబ్ల్యూఎఫ్‌ఓటీ (ప్రపంచ ఓటీల సమాఖ్య) గుర్తింపు ఉందా అని అడగండి.

లాంగ్ టర్మ్ మాటకొస్తే, డాక్టర్ అవ్వాలన్నది అమ్మాయి కోరికా మీ కోరికా? తనదే అయితే ఇంకోసారి రాయించండి, ఎంబీబీఎస్ తర్వాత పీఎంఆర్ (ఫిజికల్ మెడిసిన్, రిహాబిలిటేషన్) అనే పీజీతో కూడా ఈ ఫీల్డ్‌కే రావచ్చు. మీది మాత్రమే అయితే ఆ ఏడాది, ఆ ఫీజూ రెండూ దండగ. ఏదైనా ముందు అమ్మాయిని ఒక వారం మంచి రిహాబ్ సెంటర్‌లో పర్మిషన్ తీసుకుని కూర్చోబెట్టండి, ఒకే వేలితో ఒకే పని రోజూ చేయించడం చూసి విసుగు రాకపోతే ఫారం నింపండి.

ఇంకోటి, మీ బావమరిదికి ఆన్‌లైన్‌లో దొరికే టెన్స్ మెషీన్ కొని మెడకి పెట్టకండి, అది నొప్పి తగ్గించేది, ఇది వేరు. ఆయన్ని పీఎంఆర్ డాక్టర్‌కి చూపించి చేతి థెరపీ ఇప్పుడే మొదలుపెట్టించండి, మెషీన్ వచ్చేదాకా ఆగక్కర్లేదు.