ఎవరి తరఫునో చెప్పి రాయి

చిరంజీవికి ఆశీస్సులు.

మురుగు డ్రెయిను పక్కన తవ్విన చేపల చెరువుల గురించి నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. భాష బాగుంది. కాని పొద్దున అమలాపురం కోర్టులో వకాలతు వేసి, మధ్యాహ్నం జెడ్పీటీసీ టికెట్టు కోసం పార్టీ ఆఫీసుకు వెళ్లి, రాత్రి టీవీ చర్చలో విశ్లేషకుడిగా కూర్చునే నువ్వు ఇందులో ఏ హోదాలో మాట్లాడుతున్నావో ఆఖరి వాక్యం దాకా నాకు తెలియలేదు.

ఈ మూడు పనులూ ఒక్కరే చేయడం మన గోదావరి సీమకు కొత్త కాదు. 1878లో మద్రాసులో లా చదువుతూ ‘ది హిందూ’ స్థాపకుల్లో ఒకరైన న్యాపతి సుబ్బారావు పంతులు గారు తర్వాత రాజమండ్రిలో ప్లీడరుగా, మునిసిపల్ చైర్మన్‌గా పేరు పొందారు. టంగుటూరి ప్రకాశం గారు అదే ఊళ్లో ప్లీడరీ చేసి, అదే కుర్చీలో కూర్చుని, 1921లో ‘స్వరాజ్య’ పత్రిక పెట్టారు. అయితే వారు ఎటువైపు వారో చదువరికి తెలుసు. సర్పంచి ఎన్నికలు పేరుకు పార్టీరహితమే అయినా ఏ అభ్యర్థి ఎవరి మనిషో ఊళ్లో ప్రతి అరుగుకూ తెలుసు. టీవీ చూసేవాడికి మాత్రం నీ పేరు కింద ‘న్యాయవాది, విశ్లేషకుడు’ అన్న రెండు మాటలే కనిపిస్తాయి.

నీ చేతిలో ఉన్న కేసు జోలికి బయట వెళ్లకు. అలాంటి కేసు పేరిట పత్రికలకెక్కి ప్రచారం చేసుకోవద్దని బార్ కౌన్సిల్ 36వ నియమం చెబుతోందని నీకు నేను చెప్పాలా!

ఇక కోర్టు మాటల సంగతి. చెరువు తగాదా ఒకదానిలో కేసు తేలేదాకా యథాతథ స్థితి కొనసాగించమని మధ్యంతర ఉత్తర్వు వస్తే, నేను నా కాలమ్‌లో దాన్ని ‘తీర్పు’ అని రాశాను. వారం తిరక్కుండా ఎకరంన్నర వరి ఉన్న ఒక పెద్దాయన మా అరుగు మీద కూర్చుని, పేపరు కత్తిరింపునూ ఉత్తర్వు నకలునూ పక్కపక్కన పరిచాడు. ‘తీర్పు’ కింద ఎర్ర పెన్నుతో గీత. ‘ఓడిపోయామని మీరే రాశారు కదండీ, మావాడు వాయిదాకెళ్లడం మానేశాడు’ అన్నాడు. సవరణ వేయించాను, లోపలి పేజీలో నాలుగు లైన్లు. దాన్ని ఎవరు చదువుతారు?

అందుకే ‘కోర్టు అక్షింతలు’ అన్న నీ శీర్షిక కొట్టేశాను. ఉత్తర్వు తేదీ వేసి, అది మధ్యంతరమో తుదిదో రాయి. చెరువు గట్టుకూ డ్రెయినుకూ మధ్య ఎన్ని గజాలో టేపు పట్టి కొలిచిరా. వానలు ముదిరితే ఆ గట్టు మీద కాలు నిలవదు. టికెట్టు అడుగుతున్న సంగతి మొదటి పేరాలోనే పెట్టి, వచ్చే ఆదివారంలోగా తిరిగి పంపు.