డాక్టర్ సలహా: ఐకాన్లు సరే, ఆ కంటి చుక్కల సంగతేమిటి?

ప్రశ్న: నా వయసు 47. మండపేట దగ్గర రైస్ మిల్లులో లెక్కలు చూస్తాను. ఈమధ్య ఆఫీసులో కొత్త కంప్యూటర్ పెట్టారు. డెస్క్‌టాప్ మీద ఐకాన్లు మరీ చిన్నగా, ఒకదాన్నొకటి రాసుకుంటున్నట్టు కనిపిస్తున్నాయి. ఒకటి నొక్కబోతే పక్కది తెరుచుకుంటోంది. సాయంత్రానికి తలనొప్పి, కళ్లు ఎర్రబడటం. మెడికల్ షాపులో ఇచ్చిన చుక్కలు వేసుకుంటే తగ్గుతోంది, మూడు నెలలుగా అవే వాడుతున్నాను. మా అత్తగారికి కంటి వెలుగులో ఇచ్చిన అద్దాలు పెట్టుకుంటే కాస్త నయం. మా అమ్మకు షుగర్ ఉంది, నాకు లేదు. ఐకాన్ల సైజు, వాటి మధ్య దూరం ఎలా పెంచుకోవాలి? ఏ సైజు అయితే కళ్లకు మంచిది?
– ఒక సోదరి, మండపేట

జవాబు: అమ్మా, మీరు అడిగింది ఐకాన్ల గురించి. నాకు టెన్షన్ పెట్టింది మాత్రం ఆ మూడు నెలల చుక్కలు. ముందు వాటి సంగతి చూద్దాం.

కన్ను ఎర్రబడితే మెడికల్ షాపుల్లో తరచూ ఇచ్చేది యాంటీబయాటిక్, స్టెరాయిడ్ కలిసిన చుక్కలు. సీసా మీద డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్ లాంటి పేరుందేమో చూడండి. ఉంటే అది స్టెరాయిడే. వేసిన మర్నాటికే ఎరుపు పోతుంది కాబట్టి మంచి మందు అనిపిస్తుంది. కానీ వారాల తరబడి వాడితే కొందరికి కంట్లో ప్రెషర్ పెరుగుతుంది. నొప్పి ఉండదు, చూపూ మొదట బాగానే ఉంటుంది. లోపల కంటి నరం మాత్రం దెబ్బతింటూ పోతుంది. అదే నీటికాసులు. అలా పోయిన చూపును ఏ మందూ, ఏ ఆపరేషనూ వెనక్కి తేలేవు. వయసుతో పనిలేకుండా శుక్లం కూడా రావచ్చు.

మీకూ అలా జరిగిందని నేను అనడం లేదు. కన్ను చూడకుండా ఎవరూ చెప్పలేరు. మీ చుక్కల్లో స్టెరాయిడ్ లేకపోవచ్చు కూడా. కానీ మన గోదావరి జిల్లాల్లో ఇది నేను తరచూ చూస్తున్నాను. కోతలప్పుడు వరి ఆకు గీసుకుంటుంది, మిల్లులో ఊక ఎగిరి కంట్లో పడుతుంది. నల్లగుడ్డు మీద చిన్న గీత పడితే చాలు, అందులో ఫంగస్ చేరవచ్చు. దానిమీద స్టెరాయిడ్ చుక్క వేస్తే ఎరుపు తగ్గినట్టే ఉండి, లోపల పుండు పెద్దదవుతుంది. మొన్న దాళ్వా కోతల తర్వాత ఒక పెద్దాయన అలాగే ఇరవై రోజులు చుక్కలు వేసుకుని, కన్ను తెల్లబడ్డాక నా దగ్గరికి వచ్చారు. రెండోరోజే వచ్చి ఉంటే ఆ కన్ను దక్కేదేమో. అందుకే ఇంతగా చెబుతున్నాను, కోప్పడుతున్నానని అనుకోకండి.

మీరు పనిచేసేది కూడా మిల్లులోనే. ఎరుపుకు తవుడు దుమ్ము, ఊక దుమ్ము వల్ల వచ్చే అలర్జీ కారణం కావచ్చు. రెప్ప కొట్టకుండా స్క్రీన్ చూడటం వల్ల కన్ను పొడిబారడమూ కావచ్చు. ఫ్యాన్ గాలి నేరుగా ముఖానికి కొడుతుంటే ఆ పొడి ఇంకా పెరుగుతుంది. దేనికి ఏ మందన్నది పరీక్ష చేశాకే తేలుతుంది. కొత్త సీసా కొనకండి. ఉన్నది ఆపాలా, తగ్గిస్తూ రావాలా అన్నది మీ కంటి డాక్టర్ చెప్పాలి. ఈ వారంలోనే వెళ్లండి. కంట్లో నొప్పి, వెలుగు చూడలేకపోవడం, బల్బుల చుట్టూ రంగుల వలయాలు, ఉన్నట్టుండి మసక... వీటిలో ఏది ఉన్నా ఈ రోజే వెళ్లండి.

ఇక ఐకాన్లు చిన్నగా కనపడటం. 47 ఏళ్లకు ఎక్కువగా ఇది చత్వారమే. నలభై దాటాక అందరికీ వచ్చేదే. అత్తగారి అద్దాలు చదువుకోవడానికి ఇచ్చినవైతే, అవి పుస్తకం దూరానికి, అంటే దాదాపు 14 నుంచి 16 అంగుళాలకు సరిపోతాయి. కంప్యూటర్ ఉండాల్సింది చేతి దూరంలో. ఆ అద్దాలతో స్పష్టంగా చూడాలంటే ముందుకు వంగాలి, తలనొప్పికి మెడనొప్పి తోడవుతుంది. మీకు వేరే పవర్ కావాలి, సిలిండర్, అంటే అడ్డానికీ నిలువుకూ పవర్‌లో తేడా కూడా ఉందేమో చూడాలి.

ఒక పని చేయండి. ఒక కన్ను మూసి ఐకాన్ల వరుస చూడండి, తర్వాత రెండోది మూసి చూడండి. వరుస ఏ కంటికైనా వంకరగా కనిపించినా, మధ్యలో కొంత భాగం చెరిగిపోయినట్టున్నా అది చత్వారం కాదు, రెటీనా, అంటే కంటి వెనక పొర, చూపించాలి. షుగర్ లేదన్నారు, చివరిసారి ఎప్పుడు చేయించారు? అమ్మకు ఉంది కాబట్టి పరగడుపున ఒకసారి చేయించండి. షుగర్ ఎక్కువ తక్కువలతో చూపు కూడా మారుతుంటుంది.

మీ అసలు ప్రశ్నకు వస్తాను. మా ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసే అబ్బాయిని అడిగి రాస్తున్నాను. విండోస్‌లో మౌస్ బాణం డెస్క్‌టాప్ ఖాళీ జాగాలో ఉండగా కంట్రోల్ బటన్ నొక్కిపట్టి మౌస్ చక్రం తిప్పితే ఐకాన్లు పెద్దవవుతాయి. అక్షరాలూ పెరగాలంటే సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లేలోకి వెళ్లి స్కేల్ 125 శాతం పెట్టండి. రిజల్యూషన్ మాత్రం తగ్గించకండి, అన్నీ పెద్దవవుతాయి కానీ అంచులు మసకబారి కన్ను మరింత అలుస్తుంది. ఐకాన్ల మధ్య దూరం మార్చే సెట్టింగ్ విండోస్ 7లో ఉండేది. 10, 11లలో రిజిస్ట్రీ, అంటే విండోస్ తన సెట్టింగ్స్ దాచుకునే చోటు, అందులోని విండో మెట్రిక్స్‌లో ఐకాన్ స్పేసింగ్, ఐకాన్ వర్టికల్ స్పేసింగ్ అనే రెండు విలువలు మార్చాలి. మామూలుగా -1125 ఉంటుంది, -1500 చేసి సైన్ అవుట్ అయి మళ్లీ లాగిన్ అయితే ఎడం పెరుగుతుంది. రిజిస్ట్రీలో తప్పు జరిగితే కంప్యూటర్ మొరాయిస్తుంది కాబట్టి తెలిసినవారితోనే చేయించండి.

కంటికి ఫలానా సైజు మంచిదని లెక్కేమీ లేదు. కుర్చీలో వెనక్కి ఆనుకుని, కళ్లు చికిలించకుండా చదవగలిగితే అదే మీ సైజు. 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని 20 సెకన్లు చూడండి. మిల్లు గేటు వైపు చూసినా చాలు.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ చుక్కల సీసా, అత్తగారి అద్దాలు రెండూ తీసుకెళ్లండి. కంటి ప్రెషర్ చూడమని మీరే అడగండి. కంటిపాప పెద్దది కావడానికి మందు వేస్తే కొన్ని గంటలు మసకగా ఉంటుంది, ఆ రోజు బండి నడపకండి, ఇంట్లో ఎవరినైనా తోడు తీసుకెళ్లండి.