జో పటర్నో విజయాలు 298 అని రాయాలా, 409 అని రాయాలా?

అమెరికాలోని పెన్ స్టేట్ విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్ కోచ్ జో పటర్నో మీద వ్యాసం రాస్తూ, విజయాల సంఖ్య ఒకచోట 298గా, మరోచోట 409గా కనబడుతోందని అడిగారు. 409 అనే రాయండి. మాజీ సహాయ కోచ్ జెర్రీ సాండస్కీ బాలలపై జరిపిన లైంగిక దాడుల కుంభకోణం తరువాత 2012 జూలైలో అమెరికా కళాశాల క్రీడల నియంత్రణ సంస్థ ఎన్‌సీఏఏ పటర్నో ఖాతాలోని 111 విజయాలను రద్దు చేయడంతో అప్పటి కథనాల్లో 298 అని పడింది. 2015 జనవరిలో కుదిరిన రాజీతో అవి తిరిగి లెక్కలో చేరాయి.

అయితే అంకె సరిదిద్దినంత మాత్రాన వ్యాసం పూర్తి కాదు. సాండస్కీ ఒక బాలుడితో స్నానాల గదిలో ఉండగా తాను చూసినదాన్ని 2001లో జట్టు సిబ్బందిలోని మైక్ మెక్వీరీ వచ్చి చెప్పినప్పుడు, పటర్నో ఆ మాటను పై అధికారులకు చేరవేశారే గాని పోలీసుల వద్దకు వెళ్ళలేదు. ఆయనపై కేసు పెట్టలేదన్నది నిజమే. కానీ 1966 నుంచి ప్రధాన కోచ్‌గా ఉండి, విశ్వవిద్యాలయంలో తన మాటకు తిరుగులేని మనిషికి అంతటితో బాధ్యత తీరిపోయిందని నేను అనుకోను. ఇంకా ఎక్కువ చేసి ఉండాల్సిందని 2011 నవంబరులో ఆయనే ప్రకటించారు. స్టేడియం బయటి కంచు విగ్రహాన్ని 2012లో తొలగించిన విశ్వవిద్యాలయమే గ్రంథాలయానికి ఆయన పేరును ఉంచేసిందన్న సంగతిని కూడా, వ్యాఖ్య అక్కరలేకుండా, పక్కనే చేర్చండి.