ఆ పుర్రె ఎవరిది?

అమ్మలూ,

మీ అమ్మ నిన్న అరగంట ఫోన్‌లో మాట్లాడింది. నీ గది గోడ నిండా నల్లబొమ్మలేనట. నోళ్లు తెరిచిన మొహాలు, పుర్రెలు, నెత్తురు. "దానికేదో అయింది అన్నయ్యా, నువ్వు చెప్తే వింటుంది" అంది. తనకు చెప్పాల్సింది తనకు చెప్పాను. నువ్వు పంపిన పదకొండు బొమ్మలూ చూశాక నీకు చెప్పాల్సింది వేరే ఉంది. మానేయమనను. బీభత్సాన్నీ భయానకాన్నీ శృంగారంతో సమానంగా రసాల పంక్తిలో కూర్చోబెట్టారు మన పెద్దలు. ఒళ్లు జలదరించిందని బొమ్మను తిట్టడం మన పద్ధతి కాదు. నా ఫిర్యాదల్లా ఒకటే: ఆ పదకొండింట్లో పది నన్ను భయపెట్టలేదు.

నీ వయసులో నేనూ పుర్రెలే వేశాను. మా మాస్టారు ఒకాయన నా కాగితం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి "ఎవరిదిరా ఈ పుర్రె?" అన్నారు. ఒళ్లు మండింది. పుర్రె పుర్రే, ఎవరిదైతే ఏంటి? నేను గీసింది ఇంకొకరి బొమ్మలోని పుర్రెను చూసి అని ఒప్పుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది. నీ పది బొమ్మల్లో ఉన్నవీ అరువు పుర్రెలే. సినిమా పోస్టర్ల నుంచి వచ్చాయో, ఫోన్ తెర మీంచి వచ్చాయో నీకే తెలియాలి.

గ్రూనెవాల్డ్ అని జర్మన్ చిత్రకారుడు. 1512, 1516 మధ్య ఐసెన్‌హైమ్‌లోని ఒక మఠానికి బలిపీఠం చిత్రాలు వేశాడు. ఇప్పుడవి ఫ్రాన్స్‌లో కోల్మార్ మ్యూజియంలో ఉన్నాయి. శిలువ మీది క్రీస్తు ఒళ్లంతా పుండ్లు, పచ్చబడిన చర్మం, కొంకర్లు పోయిన వేళ్లు. పుస్తకంలో మొదటిసారి చూసి పేజీ తిప్పేశాను. తర్వాత తెలిసింది, ఆ మఠంలో రోగులకు వైద్యం చేసేవారట. బూజు పట్టిన రై ధాన్యం తిని, ఒళ్లు మంటలెత్తి, కాళ్లూ చేతులూ కుళ్లిపోయే జబ్బు వాళ్లది. ఆ మనుషులు తల ఎత్తి చూస్తే దేవుడి ఒంటి మీద తమ పుండ్లలాంటివే కనబడేవి. చూసేవాడెవడో తెలిసి వేసిన పుండ్లవి. బ్రష్ ముంచే ముందు ఈ లెక్క తేల్చుకో: ఎవరి నొప్పి, ఎవరి కళ్ల ముందు.

స్పెయిన్ చిత్రకారుడు గోయా యుద్ధం మీద వేసిన ఎచింగులు, అంటే లోహపు పలకల మీద గీసి తీసే అచ్చుబొమ్మలు, నీకు తెలిసే ఉంటాయి. 1810 నుంచి పదేళ్లపాటు 82 పలకలు చెక్కాడు. బతికుండగా అచ్చు వేయించలేదు. ఆయన 1828లో పోతే, వాటిలో ఎనభై 1863లో బయటికి వచ్చాయి. ఒకదాని కింద "ఇది నేను చూశాను" అని రాసుకున్నాడు. ఇంకొకదాని కింద "చూడలేం" అని. ఈ రెండు మాటల మధ్యే ఉంటుంది మన పనంతా. చూడలేనిదాన్ని చూడాలి, చూసినట్టు గీయాలి.

ఇక నువ్వు ఎక్కువగా తప్పుతున్న చోటు. అన్నీ చూపించేస్తున్నావు. ఫ్రెంచి చిత్రకారుడు జెరికో సంగతి విను. 1816లో మెడ్యూసా అనే ఫ్రెంచి ఓడ ఇసుకమేట ఎక్కింది. తెప్ప మీద దాదాపు 147 మందిని వదిలేశారు. పదమూడు రోజుల తర్వాత దొరికింది పదిహేను మందే. ఈ మధ్యలో తెప్ప మీద మనిషి మాంసం కూడా తిన్నారు. జెరికో బతికి వచ్చినవాళ్లను కలిశాడు, తెప్ప నమూనా చేయించాడు, ఆసుపత్రి నుంచి తెగిన కాళ్లూ చేతులూ తెచ్చుకుని స్టూడియోలో పెట్టుకుని గీశాడు. అంత చేసి, 1819లో ఏడు మీటర్ల వెడల్పు కాన్వాస్ మీద ఏం వేశాడు? దూరాన చుక్కలా ఒక ఓడ, దాని వైపు గుడ్డపీలికలు ఊపుతున్న మనుషులు. శవాలున్నాయి గానీ కుళ్లు లేదు, ఒళ్లు దిట్టంగానే ఉన్నాయి. ఆ గదిలో పీల్చిన కంపు బొమ్మ వెనకాల ఉంది, ముందుకు రాలేదు. మరీ అందంగా వేశాడని నాకు ఇప్పటికీ చిన్న గొణుగుడు ఉందనుకో.

మన చిత్రకారుడు సోమనాథ్ హోర్ ఇంకా ముందుకు వెళ్లాడు. 1943 బెంగాల్ కరువును కళ్లారా చూసిన మనిషి. 1970లలో 'గాయాలు' అని ఒక వరస చేశాడు. మైనం, మట్టి పలకల మీద కత్తితో కోసి, కాల్చిన కమ్మీతో పొడిచి, దానికి అచ్చు తీసి, కాగితం గుజ్జు పోశాడు. తెల్లటి కాగితం మీద తెల్లటి గాటు. కొన్నింట్లో రంగే లేదు. వెలుతురు పక్కనుంచి పడితే గానీ కనపడవు. నీ ఎర్ర రంగు ట్యూబును ఓ నెల బీరువాలో దాచెయ్.

బయటివాళ్ల బాధను గీసేటప్పుడు ఇంకా జాగ్రత్త. అదే కరువులో, 1943లో, చిత్రకారుడు చిత్తప్రసాద్ బెంగాల్‌లోని మేదినీపూర్ ఊళ్లలో కాలినడకన తిరిగి ఆకలి మనుషులను గీశాడు. పేరు, ఊరు కూడా రాసుకున్నాడు. ఆ బొమ్మలతో వేసిన పుస్తకం 5,000 ప్రతుల్లో దాదాపు అన్నింటినీ ఇంగ్లీషు ప్రభుత్వం పట్టుకుని తగలబెట్టించింది. మా మాస్టారి ప్రశ్నకు జవాబు ఆయన దగ్గరుంది. మనిషిని అడిగావా, పేరు తెలుసా, అతను ఈ బొమ్మను చూస్తే నీ మొహం ఎత్తగలవా? వార్తల్లో ఫోటో చూసి వేసిన ఆ నాలుగో బొమ్మ చించెయ్.

నీ సొంత బాధ అయితే తొందరపడకు. జర్మన్ చిత్రకారిణి, శిల్పి కేథె కోల్విట్జ్ కొడుకు 1914 అక్టోబరులో యుద్ధంలో పోయాడు, పద్దెనిమిదేళ్లవాడు. ఆమె అప్పుడే వాడి స్మారక శిల్పం మొదలుపెట్టింది. చేసింది చెరిపింది, ఆపేసింది, మళ్లీ మొదలుపెట్టింది. అది నిలబడింది 1932లో. మోకాళ్ల మీద తల్లీ తండ్రీ. కొడుకు లేడు.

ఇంకో మాట, ఇది మీ అమ్మ తరఫున. గోయా ముసలితనంలో, చెవుడుతో, తన ఇంటి గోడల మీదే పద్నాలుగు నల్ల చిత్రాలు వేసుకుని వాటి మధ్యే తిన్నాడు, పడుకున్నాడు. ఇప్పుడవి కాన్వాసు మీదికి ఎక్కి మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో ఉన్నాయి. నువ్వు గోయావి కావు, ఇంకా ఇరవై దాటలేదు. రాత్రి పడుకునే ముందు బొమ్మలన్నీ గోడ వైపు తిప్పి పెట్టు. రోజుకో గంట మామూలు వస్తువు గీయి, చెప్పో, తాళంచెవో. ఏ రాత్రైనా నిద్ర పట్టకపోతే, బొమ్మలు వదిలేసి నాకు ఫోన్ చెయ్యి, టైము చూడకు.

ఆ పదకొండోది, ఖాళీ మెట్లు, కింద ఒక్క చెప్పు ఉన్నది. అది గోడకు పెట్టకు, దిద్దకు, ఎవరికీ చూపించకు. చుట్టి నాకు పంపు. ఆ చెప్పు ఎవరిదో నేను వచ్చినప్పుడు చెబుదువు గాని.

ఆశీస్సులతో,
మామయ్య